అయస్కాంత బోర్డు (వంగేది)

కారు, వ్యాను తలుపులకు అతికించి, పనయ్యాక తీసేసుకునే పలుచని పలక. ఫెర్రైట్ పొడిని రబ్బరులోనో ప్లాస్టిక్‌లోనో కలిపి తయారుచేస్తారు. వెనకవైపు ఉత్తర, దక్షిణ ధ్రువాలు సన్నని చారలుగా వరసకడతాయి. ముందువైపు వినైల్ మీద పేరు ముద్రిస్తారు. ఇనుప రేకును పట్టుకుంటుంది గానీ అల్యూమినియానికీ ఫైబరుకూ అంటుకోదు.

నెల్లూరు తీరంలో, కృష్ణపట్నం రేవు దారిలోనైనా ఇసకపల్లి ఉప్పు మడుల పక్కనైనా, దీనికి అసలు శత్రువు ఉప్పుగాలి. బోర్డుకూ రేకుకూ మధ్య చేరిన చెమ్మ ఓ పట్టాన ఆరదు, సన్నని ఇసుక కారు రంగును గీకేస్తుంది. కదపకుండా వారాల తరబడి వదిలేస్తే తలుపు మీద బోర్డు ఆకారమే అచ్చుపడిపోతుంది. అందుకే రోజూ తీసి, వెనకవైపునూ తలుపునూ సబ్బునీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ పెట్టాలి.

అంచు లేచిన బోర్డుతో బండి తీయకూడదు. గాలి దూరితే ఊడి, వెనక బైకు మీద వచ్చేవాళ్ల ముఖానికి తగలొచ్చు. కాసేపు లేత ఎండలో వెచ్చబెట్టి, మెత్తబడ్డాక ఇనుప బీరువా పక్కకు అతికించి రాత్రంతా వదిలేస్తే చాలావరకు చదునవుతుంది. రోహిణి కార్తె ఎండలో మూసిన కారులో మాత్రం ఉంచకూడదు. గట్టిగా మడతపడిన గీత ఇక పోదు. చుట్టక తప్పకపోతే అక్షరాలు బయటికి ఉండేలా చుట్టాలి.