పాఠశాల ఉద్యోగుల రక్షణ హక్కులు (అల్మాస్‌గూడ)

రంగారెడ్డి జిల్లా బాలాపూర్ మండలంలోని అల్మాస్‌గూడ వంటి శివారు ప్రాంతాల్లో ప్రైవేటు బడి నడిచేది టీచర్లతోనే కాదు, పిల్లల్ని చేయిపట్టి బస్సు దించే ఆయాలతో, డ్రైవర్లతో కూడా. చట్టం వీరందరినీ ఒకే గాటన కట్టలేదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచరు కార్మికుడు కాడని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బోధనను ఉదాత్త వృత్తిగా ఎంచి ఇచ్చిన ఆ తీర్పు టీచర్లకు మేలు చేయలేదు. టీచర్లు గ్రాట్యుటీకీ అర్హులు కారని 2004లో అదే కోర్టు అంది. 2009 సవరణ ఆ హక్కును 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేసింది, 2022లో కోర్టు దాన్ని సమర్థించింది. ప్రభుత్వ టీచర్లకు యూటీఎఫ్, పీఆర్‌టీయూ వంటి సంఘాల దన్ను ఉంది. ప్రైవేటు సిబ్బందికి అంత బలం లేదు. లైంగిక వేధింపులపై 2013 చట్టం మాత్రం మహిళా సిబ్బంది అందరిదీ: పదిమందిలోపు సిబ్బంది ఉన్న బడిలోని మహిళలు ఘటన జరిగిన 3 నెలల్లోగా జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.