పాత ఇళ్ల గోడలకు థర్మల్ ఇమేజింగ్: కెమెరా ఏం చూపిస్తుంది, ఏం చూపించదు?

గోడను పగలగొట్టకుండానే చెమ్మ ఎక్కడుంది, గచ్చు ఎక్కడ పట్టు వదిలింది అన్నది అంచనా వేసే పద్ధతి థర్మల్ ఇమేజింగ్. ప్రగతి నగర్‌లాంటి కొత్త కాలనీల్లో స్థిరపడి, పాతబస్తీలోని దాదాల నాటి ఇంటికి మరమ్మతు చేయించాలనుకునే కుటుంబాలు దీని గురించి తెలుసుకోవడం మంచిది.

హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీ కాలం నాటి ఇళ్ల గోడలు ఎక్కువగా రాయి, ఇటుక, డంగు సున్నంతో కట్టినవే. సున్నం గోడ చెమ్మను పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు పేరుకుని కొన్నేళ్లకు పెచ్చులు ఊడతాయి. మేస్త్రీ వచ్చి మళ్లీ సిమెంటే పూస్తాడు. డబ్బూ పోతుంది, గోడా పోతుంది.

ప్రతి వస్తువు నుంచీ పరారుణ కిరణాలు వెలువడుతుంటాయి. 1800లో విలియం హెర్షెల్ కనిపెట్టిన ఈ కిరణాలను పట్టుకుని, కెమెరా గోడ పైభాగపు వేడిని రంగుల్లో చూపిస్తుంది. ఇది ఎక్స్‌రే కాదు, గోడ లోపలికి చూడదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

తడి ఉన్నచోట నీరు ఆవిరవుతూ గోడ చల్లగా కనిపిస్తుంది. ఆ చల్లదనం నేల నుంచి పట్టీలా పైకి పాకితే పునాది చెమ్మ, పైనుంచి దిగితే కప్పు కారడం అని అనుమానించాలి. గచ్చు వెనుక బోలు ఉంటే ఆ చోటు ఎండకు తొందరగా వేడెక్కుతుంది, సాయంత్రం తొందరగా చల్లారుతుంది. అందుకే అదే గోడను రెండు వేళల్లోనూ తీయాలి. పట్టు వదిలిన గచ్చు ఎంత ప్రమాదమో 2019 మేలో చార్మినార్ మినార్ నుంచి ముక్క ఊడిపడినప్పుడు నగరమంతా చూసింది.

ముసురు పట్టిన రోజు ఫొటోలు తీయించడం దండగ. గాలి నిండా తేమ ఉంటే గోడ ఆరదు, తేడా తెలియదు. చెట్టు నీడ, గోడలోని నల్లా పైపు, మూసేసిన పాత కిటికీ కూడా చల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. రేకు, అద్దం చుట్టుపక్కల వేడినే తిప్పి చూపిస్తాయి.

రంగులు చూసి కంగారు పడొద్దు. ఒక డిగ్రీ తేడాను కూడా కెమెరా ఎరుపు, నీలంగా చూపించగలదు. ఫొటో పక్కనుండే డిగ్రీల స్కేలు, తీసిన సమయం, అదే చోటు మామూలు ఫొటో తప్పక అడిగి తీసుకోవాలి. అనుమానం ఉన్నచోట తట్టి చూడాలి, బోలుగా ఉంటే డొల్ల శబ్దం వస్తుంది. తేమ మీటరు కూడా పెట్టించాలి. అయితే ఉప్పు పట్టిన గోడ మీద ఆ మీటరు అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది.

కారణం తేలాక ముందు కారుతున్న కప్పు, మోరీ బాగుచేయించాలి. సున్నం పూత ఆ తర్వాతే.