ఊరి పేరు మోసే కంచు

కారేపల్లి స్టేషన్ మీదుగా బొగ్గు రైళ్లు పోతుంటాయి. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ కనిపెట్టిన బొగ్గు అది. 1920లో ఆ బొగ్గు తవ్వే కంపెనీకి మా పక్కనున్న సింగరేణి ఊరి పేరు పెట్టారు. బొగ్గు దేశమంతా పోయి బూడిదైంది, ఊరి పేరు మాత్రం నిలిచింది.

ఆ బొగ్గు కనిపెట్టడానికి ఏడాది ముందే, 1870లో, గుంటూరు సీమలోని బుద్దాంలో కంచు బుద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. అవి క్రీ.శ. 6–8 శతాబ్దాల నాటివి. 1905 నుంచి వాటిలో ఎక్కువ భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడ వాటి ఊరు 'బుద్ధపాడ్'. బుద్దాం అంటే ఎవరూ గుర్తుపట్టరు.

ఆంధ్ర శిల్పికి కంచు కొత్త కాదు. మైనంతో బొమ్మ చేసి, మట్టి పూత పూసి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కంచు పోసేవాడు. కుడి భుజం మీద బట్ట లేని బుద్ధుడు, ఒంటిని అంటిన పలచని చీవరం, దాని మీద సన్నని మడతల గీతలు అమరావతి ముద్ర. అదే పోలికలున్న బుద్ధుడు 1911లో వియత్నాంలోని డాంగ్ డువాంగ్‌లో దొరికాడు. వెనకటి కాలంలో శిల్పం సముద్రం దాటింది భక్తితో, వర్తకంతో.

తర్వాత దాటించినవాళ్లు పాలకులు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలు 1859లో లండన్‌కు తరలిపోయాయి. ఆ తర్వాత దొంగల వంతు వచ్చింది. చందవరం మ్యూజియంలో 2001లో పోయిన ఫలకాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొన్నది, నిజం తెలిశాక 2016లో మనకు అప్పగించింది.

పరాయి దేశంలో ప్రదర్శన తప్పేమీ కాదు. 1980లో చైనా తన పురాతన కంచు పాత్రలు సహా 105 వస్తువులను అమెరికాకు ఎరువిచ్చింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మొదలు అయిదు నగరాల జనం వాటిని చూశారు, వస్తువులు ఇంటికి చేరాయి. 2023లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు అదే మెట్రోపాలిటన్‌కు అలాగే ఎరువు మీద వెళ్లాయి. ఊరి పేరుతో వెళ్లి ఊరి పేరుతో తిరిగొచ్చేదే గౌరవం. మిగిలిందంతా పోగొట్టుకోవడమే.

మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలోనూ బౌద్ధ స్తూపం ఉంది. లండన్‌లో ఉన్నవాటిని అడగడం న్యాయమే. అడిగే ముందు, మన పిల్లల్ని ఒక ఆదివారం ఆ స్తూపం దగ్గరికి తీసుకుపోదాం. ఆ ఊరి పేరు, ఆ స్తూపం కథ వాళ్ల నోట పలికిద్దాం.