ముట్టుకుంటే సొట్టపడే మట్టి

కుమ్మరి మట్టికి గాలి తగిలితే చాలు, అంతో ఇంతో బిగుసుకుంటుంది. చక్రం మీంచి దించిన కుండను నీడపట్టున ఉంచితే కాసేపటికి చేత్తో పట్టుకోవచ్చు, చెక్కతో తట్టి అడుగు సరిచేయవచ్చు. పాలిమర్ క్లేకి ఆ సదుపాయం లేదు. పేరుకు మట్టే గానీ అందులో మట్టి అన్నది ఉండదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ అనే ద్రవం, రంగు కలిపిన ముద్ద అది. నీళ్లే లేనప్పుడు ఇక ఆరేదేముంది? ఓవెన్ వేడికి పీవీసీ రేణువులు ఆ ద్రవాన్ని పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కునేదాకా అది మెత్తగానే ఉంటుంది. ఈ రోజు చేసిన గులాబీని వారం తర్వాత ఎత్తినా రేకు మీద బొటనవేలి సొట్ట పడుతుంది.

ఈ మట్టితో పనిచేసినవాళ్ల చరిత్ర చాలావరకు ఆ సొట్టతో పడిన కుస్తీయే.

కథ జర్మనీలో ఒక బొమ్మల ఇంటి నుంచి మొదలవుతుంది. కేటె క్రూజ పెళ్లికి ముందు రంగస్థల నటి, భర్త మాక్స్ క్రూజ పేరున్న శిల్పి. 1905లో పెద్దకూతురు బొమ్మ కావాలని పేచీ పెట్టింది. అంగడి బొమ్మలంటే మాక్స్‌కు ఒళ్లుమంట. కొననన్నాడు, నువ్వే చేసుకొమ్మని కేటెకు చెప్పాడు. ఆమె తువ్వాలులో ఇసుక పోసి ముడివేసి, తలకాయగా బంగాళాదుంప పెట్టింది. అలా పుట్టిన పని 1910లో బెర్లిన్ టీట్స్ దుకాణంలో ప్రదర్శన దాకా వెళ్లింది. 1912 నుంచి బాట్ కోజన్‌లో కార్ఖానాగా స్థిరపడింది.

గుడ్డ బొమ్మకు ముఖమే పెద్ద తలనొప్పి. పింగాణీ పగులుతుంది, గుడ్డకు పూత వేసి రంగు దిద్దాలంటే రోజులు పడతాయి. 1939లో కొత్తరకం ప్లాస్టిక్ ముద్ద ఒకటి కేటె చేతికొచ్చింది. కార్ఖానా పనికి అది పనికిరాలేదు. పక్కన పడేయకుండా కూతురు సోఫీకి ఇచ్చింది. ఇంట్లో అందరూ ఫీఫీ అని పిలిచే ఆ సోఫీ రేబిండరే దాన్ని ఓపిగ్గా పట్టుకుని కూర్చుంది. 1960ల మధ్యలో ఆమె ముద్ద తయారీ సూత్రం పెన్సిళ్ల కంపెనీ ఎబర్‌హార్డ్ ఫాబర్ చేతికి వెళ్లింది. ఫీఫీ పేరులోని మొదటి అక్షరంతోనే ‘ఫీమో’ బజారుకొచ్చింది.

మెత్తటి ముద్ద అప్పటికి కొత్తేమీ కాదు. ఇంగ్లండులో బాత్ నగరపు డ్రాయింగు మాస్టారు విలియం హార్బట్ 1897లోనే ప్లాస్టిసీన్ తయారుచేశాడు. విద్యార్థుల చేతుల్లో మట్టి ఎండిపోకుండా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. అది ఎప్పటికీ గట్టిపడదు, ఆడుకున్న తర్వాత మళ్లీ ముద్ద చేసేయాల్సిందే. ఫీమో తెచ్చిన తేడా ఏమిటంటే, మెత్తదనం ఎప్పుడు ఆగాలో చేసేవాడే నిర్ణయించుకోవచ్చు. కాకపోతే ఆ ఘడియ వచ్చేదాకా వస్తువును కాపాడుకునే పూచీ కూడా అతనిదే.

అట్లాంటిక్ అవతల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ట్రాన్స్‌ఫార్మర్ల లోపలి వేడిని బయటికి లాగడానికని ఒక పదార్థం తయారుచేశారు. ఆ పనికి అది కుదరలేదు. కొంతకాలానికి ఎవరో చిన్న ముక్కను మలిచి, కాల్చి చూశారు. సానబట్టవచ్చు, రంధ్రం వేయవచ్చు, రంగు పూయవచ్చు. అదే స్కల్పీ. ఇటు బొమ్మల కార్ఖానా వద్దన్నది, అటు ట్రాన్స్‌ఫార్మర్ వద్దన్నది. రెండు చోట్లా పనికిరాదని తేలినవే చివరికి నిలదొక్కుకున్నాయి!

ఇరవై ఏళ్లపాటు ఇది పిల్లల సరుకుగానే చలామణీ అయింది. దాన్ని కళాకారుల బల్ల మీదికి తెచ్చింది ముఖ్యంగా పూసలు. 1980లలో న్యూయార్క్‌లో పియర్ వోల్కోస్ అనే నాట్యకారిణి, సిరామిక్ శిల్పి పీటర్ వోల్కోస్ కూతురు, ఈ ముద్దతో పూసలు చేయసాగింది. ఫిలడెల్ఫియాలో స్టీవెన్ ఫోర్డ్, డేవిడ్ ఫోర్లానో జంటగా దిగారు. వీళ్లంతా వాడుకున్న కిటుకు మాత్రం గాజు పనివాళ్లది. వెనిస్ పక్కన మురానో దీవిలో రంగుల గాజు కడ్డీలను పువ్వు ఆకారంలో పేర్చి, కరిగించి, సాగదీస్తారు. కడ్డీ సన్నబడినకొద్దీ పువ్వూ చిన్నదవుతుంది గానీ రేకుల అమరిక చెదరదు. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట పూసల పనివాళ్లకు కూడా ఈ రహస్యం తెలుసు. ఇనుప గొట్టానికి పట్టించిన గాజు ముద్దను కొలిమిలోంచి చేత్తో లాగుతూ పోతే సన్నటి గొట్టం వస్తుంది. అది ఎంత సన్నబడినా నడిమి బెజ్జం పూడిపోదు. ప్రాచీన రేవు అరికమేడు పూసల నాటి ఆ పద్ధతి ఇంకా బతికే ఉందని అమెరికన్ పరిశోధకుడు పీటర్ ఫ్రాన్సిస్ గ్రంథస్థం చేశాడు.

గాజుకూ పాలిమర్ క్లేకీ తేడా ఇక్కడే పడుతుంది. లాగిన గాజు క్షణాల్లో చల్లారి గట్టిపడుతుంది, ఇక దాన్ని కోసినా కొట్టినా లోపలి బెజ్జానికి ఢోకా లేదు. పాలిమర్ కడ్డీ లాగిన తర్వాత కూడా అంతే మెత్తన. పనివాళ్లు ‘కేన్’ అని పిలిచే ఆ కడ్డీ కోతకు వచ్చేసరికి అచ్చం మడతకాజా చుట్ట లాంటిదే. కత్తి ఆనించగానే పొరలన్నీ కిందికి కుంగుతాయి. గుండ్రటి పువ్వు కాస్తా కోడిగుడ్డు ఆకారానికి దిగుతుంది.

దీనికి వాళ్లు కనిపెట్టిన విరుగుళ్లు చూడముచ్చటగా ఉంటాయి. సాగదీసిన వెంటనే కడ్డీ జోలికి పోరు. చేతివేడి దిగిపోయేలా ఒక రాత్రి వదిలేస్తారు, తొందరుంటే ఫ్రిజ్‌లో పెడతారు. వంగని పాత కత్తి కాకుండా పల్చటి పొడవాటి బ్లేడు తీసుకుంటారు. ఒక పలక కోయగానే కడ్డీని పావువంతు తిప్పుతారు, మళ్లీ కోస్తారు, మళ్లీ తిప్పుతారు. ఒత్తిడి ఒకే వైపు పడకుండా నాలుగు దిక్కులకూ పంచడం అన్నమాట. బ్లేడుకు అంటిన పలకను వేళ్లతో గిల్లరు, బ్లేడు మీదనుంచే పూస మీదికి జారుస్తారు. కడ్డీ రెండు కొసల్లో ఎలాగూ రూపు చెదురుతుంది కాబట్టి ఆ ముక్కలను తరుగు కింద రాసుకుంటారు. ముద్ద మరీ జావగా ఉంటే తెల్లకాగితాల మధ్య ఒత్తి ఉంచుతారు. కాగితం ప్లాస్టిసైజర్‌ను కొంత పీల్చుకుంటుంది, తెల్లారేసరికి ముద్ద బిర్రుగా తయారవుతుంది.

అన్నిటికన్నా తెలివైన ఉపాయం అసలు చేత్తో ఎత్తకపోవడమే. నున్నటి గోడటైలు మీద పని మొదలుపెట్టి, పూర్తయ్యాక టైలుతో సహా ఓవెన్లోకి తోసేస్తారు. బొమ్మకూ టైలుకూ మధ్య కాగితం ముక్క ఉంచకపోతే అడుగున మెరుపు మచ్చ పడుతుంది, అంతకుమించి నష్టమేమీ లేదు. పూసలనైతే తీగకు గుచ్చి, ముడతలు పెట్టిన అట్ట మీద గాల్లో వేలాడేలా నిలబెడతారు, లేదా మొక్కజొన్న పిండి పాన్పు మీద పడుకోబెడతారు. పెద్ద బొమ్మలకు లోపల తీగ ఎముకలు, అల్యూమినియం రేకు ఉండలు పెట్టాల్సిందే, లేకపోతే వేడికి మెడ వాలిపోతుంది. ఓవెన్ నుంచి దించగానే గట్టిపడిందిలే అనుకోవడం కూడా పొరపాటే. చల్లారేదాకా అది వంగుతూనే ఉంటుంది.

ఈ కిటుకులు మొదట్లో నోటిమాటగానే తిరిగేవి. 1991లో నాన్ రోష్ రాసిన ‘ది న్యూ క్లే’ వచ్చాక వాటికి పుస్తక రూపం దొరికింది. సేమియా తీసే ఇటాలియన్ పాస్తా యంత్రం ఈ కళాకారుల ఇళ్లకు చేరి, ముద్దను సమంగా పలకలు చేసే పనిలో కుదురుకుంది. 2011లో విస్కాన్సిన్‌లోని రసీన్ ఆర్ట్ మ్యూజియం ‘టెర్రా నోవా’ పేరుతో ఏకంగా పాలిమర్ కళకే ప్రదర్శన పెట్టింది. పిల్లల సరుకన్న మాట అప్పటితో పూర్తిగా పోయిందని అనలేం గానీ, గట్టిగా అనేవాళ్లు మాత్రం తగ్గారు.

ఈలోగా ముద్దే మారిపోయింది. పిల్లల ఆటవస్తువుల్లో కొన్ని థాలేట్ ప్లాస్టిసైజర్లను యూరోపియన్ యూనియన్ 2005లో, అమెరికా 2008లో కట్టడి చేశాయి. తయారీదారులు పాళ్లు మార్చుకోక తప్పలేదు. పాత ఫీమో క్లాసిక్ రాయిలా ఉండేదనీ, మెదిపేసరికి అరచేతులు వాచేవనీ తిట్టుకున్నవాళ్లే, కేన్ కోతకు దాన్ని మించింది లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. పిల్లల కోసం తెచ్చిన మెత్తరకాల్లో పని హాయిగానే సాగుతుంది, కానీ గీతలు అలుక్కుపోతాయి. ఈ విషయంలో పాతవాళ్ల మాటే న్యాయం. చేతికి సుఖమిచ్చే ముద్ద రూపాన్ని నిలపదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంట్లో కమ్మలూ లాకెట్లూ చేసుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. మే నెల ఎండలో పార్సిలు రోజుల తరబడి వేడి వ్యానులో ఉంటే ముద్ద పాక్షికంగా ఉడికి, పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి వేసవి సరుకు చలికాలంలోనే తెప్పించుకోండి. ఫీమో పొట్లం మీద 110 డిగ్రీలు అని ఉంటే స్కల్పీ పొట్లం మీద 135 దాకా ఉంటుంది. ఓటీజీ ముల్లును నమ్మకుండా లోపల విడిగా ఓవెన్ థర్మామీటరు పెట్టుకోండి. పీవీసీ మాడితే ఘాటైన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, కిటికీ తెరిచే ఉంచండి.