వాస్తుశిల్ప విద్య, పార్ట్‌టైమ్ స్నాతకోత్తర (బ్రిటన్)

బ్రిటనునందు వాస్తుశిల్పులు కాగోరువారు చిరకాలముగా మూడంచెల అర్హతావిధానమును అనుసరించుచు వచ్చిరి: మొదటిది పట్టభద్ర విద్య, రెండవది స్నాతకోత్తర విద్య, మూడవది వృత్త్యనుభవము గడించిన పిదప నెగ్గవలసిన పరీక్ష. పూర్తికాల విద్యార్థులు రెండేండ్లలో ముగించు రెండవ అంచెను, కొలువు విడువకయే, వారమునకొక దినము కళాశాలకు పోయి, సాధారణముగా మూడు నాలుగేండ్లలో ముగించుటయే పార్ట్‌టైమ్ పద్ధతి.

ఇది నూతనము కాదు. పేరుమోసిన వాస్తుశిల్పుల కార్యాలయములలో రుసుము చెల్లించి పని నేర్చుకొనుచుండిన యువకులు, ఆ శిక్షణ చాలదని తలచి, 1847లో లండనున ఆర్కిటెక్చరల్ అసోసియేషనును స్థాపించి, సాయంకాలములందు కూడి పరస్పరము బోధించుకొనిరి. అచ్చట పగటి పాఠశాల 1901లో గాని వెలయలేదు. 1958 నాటి ఆక్స్‌ఫర్డ్ వాస్తుశిల్ప విద్యా సమావేశము ఈ విద్యను విశ్వవిద్యాలయములకును పూర్తికాల బోధనకును మరల్చుటచే ఉద్యోగస్థుల చదువు వెనుకబడినది.

ఈ విద్యలోని కష్టము గ్రంథపఠనమున లేదు, డిజైన్ స్టూడియోయందున్నది. పగలు నివాసగృహపు మెట్టు ఎత్తు 220 మిల్లీమీటర్లకు మించకుండ లెక్కించి గీసిన వ్యక్తియే, రాత్రివేళ అట్టి నిబంధనల కావలనున్న భవనమును ఊహింపవలెను. ఊహకు అవిచ్ఛిన్నమైన కాలము కావలెను, లభించునదో ముక్కలైన కాలము. అయినను, తాను గీసిన గీత గోడగా లేచుటను చదువుకొనుచుండగనే చూడగల భాగ్యము పూర్తికాల విద్యార్థికి అరుదు.

కొలువు చేయుచు చదువు ఈ పద్ధతికే మరియొక రూపముగా ఇటీవల ఇంగ్లండునందు ప్రవేశపెట్టబడిన డిగ్రీ అప్రెంటిస్‌షిప్ విధానమున శిక్షార్థికి జీతము లభించును. బోధనా రుసుము అతనిపై పడదు.