సింఫనీ: ఇద్దరు పాత శత్రువులు కలిసి కట్టిన ఉపగ్రహం

రెండు దేశాల నాయకులు చేతులు కలిపి, శాస్త్ర సాంకేతిక సహకారం పేరుతో ఒప్పందం మీద సంతకాలు పెట్టారన్న వార్తలు మనం తరచు చదువుతూనే ఉంటాం. ఫొటో చూసి పేజీ తిప్పేస్తాం. ఆ తరవాత ఏం జరుగుతుంది? డబ్బు ఎవరు పెడతారు, పని ఎవరు చేస్తారు, తయారైన వస్తువు మీద చివరికి ఎవరి మాట చెల్లుతుంది? ఈ ప్రశ్నలకి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ కలిసి తయారుచేసిన సింఫనీ ఉపగ్రహం. ఎమ్మెస్‌లో కమ్యూనికేషన్స్ చదివేటప్పుడు దీని గురించి మొదటిసారి విన్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో అయినా ఈ కథ మీద ఆసక్తి మాత్రం తగ్గలేదు. పైగా ఇందులో మన దేశానికీ ఒక భాగం ఉంది.

సంధి తరవాత సైన్సు

1870 నుంచి 1945 లోపల ఫ్రాన్సు, జర్మనీ మూడు పెద్ద యుద్ధాలు చేసుకున్నాయి. 1963 జనవరి 22న ఫ్రాన్సు అధ్యక్షుడు డి గాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ పారిస్‌లోని ఎలిసే భవనంలో స్నేహ ఒప్పందం చేసుకున్నారు. ఆ స్నేహం కాగితం మీదే ఉండిపోకుండా ఉండాలంటే ఉమ్మడిగా చేసే పని ఏదో ఒకటి కావాలి. 1967లో అలాంటివి రెండు మొదలయ్యాయి.

మొదటిది గ్రెనోబుల్‌లోని న్యూట్రాన్ పరిశోధన కేంద్రం, లావే-లాంజివిన్ సంస్థ. మాక్స్ ఫాన్ లావే నాజీలని వ్యతిరేకించిన జర్మన్ భౌతిక శాస్త్రవేత్త. పాల్ లాంజివిన్ 1940లో జర్మన్లు అరెస్టు చేసిన ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త. ఆ రెండు పేర్లూ ఒకే గుమ్మం మీద పెట్టడంలోనే దౌత్యం ఉంది. అక్కడి రియాక్టర్ 1971లో పనిచేయడం మొదలుపెట్టింది. 1973లో బ్రిటన్ కూడా చేరింది.

రెండోది సింఫనీ. అప్పటికే ఫ్రాన్సు 'సారోస్' అనే సమాచార ఉపగ్రహానికీ, జర్మనీ 'ఒలింపియా' అనే ఉపగ్రహానికీ విడివిడిగా ప్రణాళికలు వేసుకుంటున్నాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌ని ప్రసారం చేయాలన్నది జర్మన్ల కోరిక. ఒకే పనికి రెండు ఖర్చులెందుకని 1967 జూన్‌లో ఆ రెంటినీ కలిపేశారు. రెండు దేశాల కంపెనీలూ కలిసి ఒకే కూటమిగా ఏర్పడ్డాయి. భూకేంద్రాలు కూడా చెరొకటి: జర్మనీలో రైస్టింగ్, ఫ్రాన్సులో ప్లమర్-బొదు.

ఉపగ్రహం సరే, రాకెట్ ఏది?

సింఫనీని యూరోపా-2 రాకెట్ మీద పంపాలని అనుకున్నారు. ఆ రాకెట్‌లో మొదటి అంచె బ్రిటన్‌ది, రెండోది ఫ్రాన్సుది, మూడోది జర్మనీది. ఎవరి అంచెకి వాళ్ళే యజమానులు, మొత్తం రాకెట్‌కి పూర్తి అధికారం ఉన్నవాళ్ళు మాత్రం లేరు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే వాళ్ళకి వేరే చెప్పక్కరలేదు: ఎవరి మాడ్యూల్ వాళ్ళ దగ్గర బ్రహ్మాండంగా నడుస్తుంది, అన్నీ కలిపిన రోజున తెలుస్తుంది అసలు సంగతి. 1971 నవంబరులో కూరూ నుంచి ఎగిరిన యూరోపా-2 విఫలమైంది. 1973లో ఆ రాకెట్ కార్యక్రమాన్నే ఎత్తేశారు.

ఉపగ్రహం చేతిలో ఉంది, మోసుకెళ్ళే బండి లేదు. అమెరికాని అడిగారు. అమెరికా ఒప్పుకుంది, కాని ఒక షరతు పెట్టింది: సింఫనీని ప్రయోగాలకే వాడుకోవాలి, వ్యాపారానికి వాడకూడదు. ఇంటెల్‌శాట్ అనే అంతర్జాతీయ ఉపగ్రహ సంస్థకి పోటీ రాకూడదన్నది దాని ఉద్దేశం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదన్నట్టయింది. వేరే దారి లేక ఆ షరతుకి తలొగ్గారు.

1974 డిసెంబరులో మొదటి సింఫనీ, 1975 ఆగస్టులో రెండోది అమెరికన్ డెల్టా రాకెట్ల మీద వెళ్ళాయి. సాంకేతికంగా అవి గొప్ప విజయం. బరువు సుమారు 400 కిలోలు. అప్పట్లో చాలా సమాచార ఉపగ్రహాలు బొంగరంలా తిరుగుతూ స్థిరంగా నిలబడేవి. సింఫనీ తిరగకుండా మూడు అక్షాల మీద నిలకడగా ఉండేది. దానికోసం జర్మనీలో తయారైన ద్రవ ఇంధన ఇంజను వంశం ఆ తరవాత ఎన్నో ఉపగ్రహాలకి పనికొచ్చింది. అయిదేళ్ళు పనిచేస్తే చాలనుకున్నవి దాదాపు రెట్టింపు కాలం పనిచేశాయి.

అయినా ఆ షరతు మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. సొంత రాకెట్ ఉండి తీరాలన్న ఫ్రాన్సు వాదనకి అది బలం ఇచ్చింది. 1973 జులైలో ఏరియాన్ రాకెట్‌కి యూరప్ దేశాలు ఒప్పుకున్నాయి. ఈసారి యూరోపా తప్పు మళ్ళీ చేయలేదు. ఖర్చులో 60 శాతానికి పైగా ఫ్రాన్సు భరించి, మొత్తం బాధ్యత తన అంతరిక్ష సంస్థ చేతికే తీసుకుంది. 1979 డిసెంబరు 24న మొదటి ఏరియాన్ ఎగిరింది.

మనకి దక్కింది

1975-76లో అమెరికన్ ఉపగ్రహం ఏటీఎస్-6 మన దేశంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల పల్లెలకి టీవీ పాఠాలు చూపించింది. ఏడాది గడువు తీరగానే అది వెళ్ళిపోయింది. తరవాత ఇస్రో, తంతి తపాలా శాఖ కలిసి 1977 నుంచి 1979 వరకు ఉపగ్రహ టెలిఫోన్, సమాచార ప్రయోగాలు చేసింది సింఫనీ మీదే. వ్యాపారానికి పనికిరాదన్న ఉపగ్రహం మన ఇంజనీర్లకి బడి అయిందన్నమాట.

ఆ తరవాతి మెట్టు యాపిల్. ఏరియాన్ పరీక్షా ప్రయోగాల్లో ఉచితంగా చోటిస్తామని యూరప్ అంటే ఇండియా ఒప్పుకుంది. అంతకు ముందు 1980 మేలో జరిగిన రెండో ప్రయోగం విఫలమైనా వెనక్కి తగ్గలేదు. 1981 జూన్ 19న మూడో ఏరియాన్ మీద యాపిల్ వెళ్ళింది. దాన్ని చివరి కక్ష్యకి చేర్చిన మోటారు మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎస్సెల్వీ-3 నాలుగో అంచె నుంచి వచ్చినదే.

సహకారం అంటే పని పంచుకోవడం ఒక్కటే అనుకుంటే సింఫనీ కథ సగమే అర్థమవుతుంది. ఉమ్మడి పనిలో మన చేతిలో లేని మెట్టు ఏదైనా ఉంటే, అది ఎవరి చేతిలో ఉందో వాళ్ళే షరతులు రాస్తారు. ఇది పాత సంగతని కూడా అనుకోనక్కరలేదు. 2022లో యుక్రెయిన్ యుద్ధంతో రష్యా సోయజ్ రాకెట్లు యూరప్‌కి దూరమయ్యాయి. 2023 జులైలో ఏరియాన్-5 చివరిసారి ఎగిరింది. ఏరియాన్-6 మొదటి ప్రయోగం 2024 జులై దాకా జరగలేదు. ఈ మధ్యలో, 2024 ఏప్రిల్‌లో, యూరప్ తన సొంత గెలీలియో ఉపగ్రహాలని అమెరికన్ ఫాల్కన్ రాకెట్ మీద పంపుకోవలసి వచ్చింది.

కాబట్టి ఈసారి రెండు దేశాల సహకార ఒప్పందం గురించి ఎక్కడైనా చదివితే, ఫొటో కింద వివరాల్లో ఒక సంగతి వెతకండి: ఆ పనికి కావలసిన ఆఖరి మెట్టు ఎవరి చేతిలో ఉంది?