డమాస్కస్ కత్తికి గాలి ఊదిన తిత్తి ఎవరిది?

మన చేతుల చరిత్ర – 14



పోయిన వారం ఒక హాస్టల్‌లో మాట్లాడి బయటికి వస్తుంటే డిగ్రీ చదివే తమ్ముడొకడు ఫోన్ పట్టుకొని వచ్చాడు. అందులో ఒక కత్తి బొమ్మ. అలుకు గీతల్లాంటి మెలికలు తిరిగిన బ్లేడు, నల్లటి చెక్క పిడి, పక్కన తోలు ఒర. కింద "చేతితో చేసిన డమాస్కస్ వేట కత్తి, రోజ్‌వుడ్ పిడి" అని రాసి ఉంది. ధర చూస్తే వాడి మూడు నెలల మెస్ బిల్లుకు సరిపోతుంది.

"అన్నా, ఈ డమాస్కస్ ఎక్కడుంటది?" అని అడిగాడు.

"ఊరు సిరియాలో ఉంటది. ఆ పేరు తెచ్చిన ఉక్కు మాత్రం నిజామాబాద్ జిల్లాల గూడ పుట్టింది" అన్నాను. వాడు నవ్వాడు, పరాచికం అనుకున్నాడు. అందుకే ఈ భాగం రాస్తున్నాను.

కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. ఒకప్పుడు ఆ ఊళ్లో మట్టి మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు. ఆ ఉక్కు ముద్దల కోసం పారశీక దేశం నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్‌సీ ఈ ఊరి పనిని కళ్లారా చూసి రాశాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడి సంగతి అందులో ఉంది. 2010లో పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్లు తిరిగి చిట్టెం కుప్పలనూ మూస ముక్కలనూ నమోదు చేశారు. అంటే ఇది పుక్కిటి పురాణం కాదు. చేలల్లో, చెరువు గట్ల మీద ఇప్పటికీ కాలికి తగిలే చరిత్ర.

ఇక్కడి ఉక్కు పారశీకానికీ అరబ్బు దేశాలకూ పోయి అక్కడ కత్తులుగా మారింది. ఐరోపావాళ్లు ఆ కత్తులను డమాస్కస్ బజారులో చూశారు కాబట్టి ఆ ఊరి పేరే నిలిచిందని ఎక్కువమంది చెప్తారు. సరుకు పుట్టిన ఊరి పేరు పోయి అమ్మిన ఊరి పేరు మిగిలింది. మన మాట "ఉక్కు" కూడా పలకరాని నోళ్లలో పడి "వూట్జ్" అయింది. 1795లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురణలో జార్జ్ పియర్సన్ ఆ పేరుతోనే వ్యాసం రాశాడు. తర్వాత జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారు ఈ ఉక్కును మెచ్చుకొని వాడాడు. ఆయనతో కలిసి మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్లు దీని గుట్టు విప్పడానికి ప్రయోగాలు చేశాడు.

ఫారడే తండ్రి కమ్మరి. కొలిమి పక్కన పుట్టిన పిల్లవాడు ప్రపంచం మొక్కే శాస్త్రవేత్త అయ్యాడు. పుస్తకాలు కుట్టే షాపులో పనికి కుదిరి, కుట్టిన పుస్తకాలే చదువుకొని ఎదిగాడు. కోనసముద్రం కొలిమి పక్కన పుట్టిన పిల్లల పేరు ఒక్కటైనా మన పాఠ్యపుస్తకంలో ఉందా? తెలివి తక్కువై కాదు. చేతికీ అక్షరానికీ మధ్య ఇక్కడ కులం గోడ కట్టింది.

ఇంతవరకూ చాలామంది రాశారు. "మన ప్రాచీన లోహ విజ్ఞానం" అని ఛాతీ విరుచుకునేవాళ్లు కూడా ఇక్కడిదాకా వస్తారు. ఇక్కడ ఆగిపోతారు. నేను ఇక్కడ మొదలుపెడతాను.

ఉక్కు కరగాలంటే ఏం కావాలి? ఇనుము, మూస, బొగ్గు. ఇంకొకటి కావాలి. గాలి. వట్టి బొగ్గు మంటకు అంత వేడి రాదు. గంటల తరబడి తెగకుండా గాలి కొడితేనే మూసలో ఇనుము బొగ్గు సారం పీల్చి కరుగుతుంది. ఆ గాలి కొట్టేది తిత్తి. తిత్తి అంటే తోలు. తెలంగాణ పల్లెలో చచ్చిన గొడ్డును మోసి, ఒలిచి, సున్నంలో నానబెట్టి, లందలో ఊనబెట్టి తోలు చేసింది ఎవరు? మా మాదిగోళ్లు. కొలిమికి ఊపిరి మా వాడలోంచి పోయింది.

ఇంకో సంగతి. సేలం వైపు ఉక్కు చేసే తీరును హీత్ అనే ఇంగ్లీషువాడు రాశాడు. మూసలో ఇనుముతోపాటు ఎండిన తంగేడు కట్టె ముక్కలు వేసి, పైన జిల్లేడాకులు కప్పేవాళ్లట. తంగేడు! బతుకమ్మలో పేర్చుకునే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. అదే తంగేడు చెక్కను దంచి నీళ్లలో వేసి లందలో మా తాతలు తోలు ఊనబెట్టారు. ఒకే చెట్టు. కట్టె మూసలో పడితే ఉక్కు విజ్ఞానం అయింది. బెరడు లందలో పడితే అంటరానితనం అయింది. రెండూ రసాయన శాస్త్రమే. ఒకదానికి మెప్పు, ఇంకోదానికి ముక్కు మూసుకోవడం.

ఇప్పుడు మా ఇంటి కథ చెప్తాను. పోలీసు చర్యకు ముందటి సంగతి. మా నాయిన తన చిన్నతనంలో చూసింది, నాకు చాలాసార్లు చెప్పింది.

మా ఊరి దొరకు వేట పిచ్చి. ఆయన మోటారు కమాను పట్టా ఒకటి విరిగింది. దానితో వేట కత్తి చెయ్యమని కమ్మరికి కబురు పెట్టాడు. అప్పటికి కొలిమి తిత్తి చినిగి ఉంది. "కొత్త తిత్తి తేరా" అని మా తాతకు చెప్పారు. తాత మేకతోలుతో తిత్తి కుట్టి తీసుకుపోయి కొలిమి పందిరి బయట పెట్టాడు. కమ్మరి దానిమీద నీళ్లు చల్లి లోపలికి తీసుకున్నాడు. తోలు లోపలికి పోయింది. తోలు చేసినవాడు బయటే నిలబడ్డాడు.

నాయిన ఆ పందిరి బయట కూర్చొని రెండు రోజులు పని చూశాడట. కమాను ముక్కను ఎర్రగా కాల్చి, పట్టకారుతో దాగలి మీద పెట్టి, సమ్మెటతో సాగదీశారు. ఒక కొసను సన్నగా తోకలాగా దించారు, పిడిలోకి పోవడానికి. ఆకురాయితో రాసి అంచు దించారు. మళ్లీ కాల్చి, రంగు చూసి, నూనెలో ముంచారు. అట్లా ముంచిన కత్తి గట్టిపడుతుంది గానీ గాజులాగా పెళుసు. అందుకని అంచు మెరిసేలా రుద్ది, సన్నటి సెగ మీద పట్టి, గడ్డి రంగు వచ్చేదాకా చూసి తీశారు. థర్మామీటరు లేదు. కన్నే థర్మామీటరు.

పిడికి జిట్రేగి చేవ తెచ్చారు, బాగా ఎండింది. పచ్చి కట్టె అయితే ఆరినాక పగిలి కత్తి ఊగుతుంది. చెక్కకు సన్నటి తూటు పెట్టి, కత్తి తోకను మాత్రమే కాల్చి, కాలుతూ తనంత తనే దారి చేసుకునేలా దించారు. అప్పుడు అంచు పదును పోకుండా బ్లేడుకు తడి గుడ్డ చుట్టారు. తూటులో లక్క కరిగించి పోసి బిగించారు. పిడి మొదట్లో ఇత్తడి పొన్ను వేశారు, చెక్క చీలకుండా. ఆముదం రుద్దితే జిట్రేగి నల్లగా నిగనిగలాడిందట.

ఇక ఒర. ఒర మళ్లీ మా తాత పని. కత్తి కొలత కావాలి. కానీ దొర పట్టే కత్తిని మాదిగోడు చేత పట్టుకోకూడదు. కమ్మరి కత్తిని నేలమీద పెట్టి చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. కత్తి తీసి లోపల పెట్టుకొని, గీత చూసుకొమ్మన్నాడు. తాత తాటాకు పరిచి ఆ గీతను తీసుకున్నాడు. ఇంటికొచ్చి తుమ్మ చెక్కతో అచ్చం అదే కత్తిని చెక్కాడు. దానిమీద తోలు తడిపి బిగించి, ఆరెతో తూట్లు పొడిచి, వారుతో కుట్టాడు. ఆరినాక చెక్క కత్తిని లాగేశాడు. అసలు కత్తి అందులో వెంట్రుక తేడా లేకుండా కూర్చుంది.

కమ్మరికి గింజలు కొలిచారు. తాతకు ఏమిచ్చారు? ఏమీ లేదు. వెట్టి.

ఆ కత్తి వేటకు పోయిన నాడు మా వాడంతా అడవికి పోయింది. డప్పులు కొట్టుకుంటూ జంతువులను దొర తుపాకీ ముందుకు తోలాలి. అది కూడా వెట్టే. పంది తిరగబడితే ముందు పడేది డప్పు కొట్టేవాడి మీద. దొర మంచె మీద ఉంటాడు. ఒక వేటలో దుప్పి పడింది. దొర తన కత్తిని నడుముకు వేలాడేసుకొని ఫొటో దిగాడు. దుప్పిని ఒలిచింది మా తాత, తన సొంత రంపెతో. ఆ తోలు గడి గోడకెక్కింది. వేట కత్తి వేటలో చేసిన పని ఇంతే.

నేను వేటను పొగడడం లేదు. 1972 చట్టం అడవి జంతువులను కాపాడింది, అది అవసరమే. నేనడిగేది వేరు. ఒకే కత్తి ఎవరి నడుముకు ఉంటే హోదా, ఎవరి సంచిలో ఉంటే నేరం?

బ్రిటిష్ వాళ్లు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి మామూలు జనానికి లైసెన్సు పెట్టారు. తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం, నిబంధనల ప్రకారం కేంద్రం ప్రకటించిన ప్రాంతాల్లో 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న కత్తికి లైసెన్సు కావాలి. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ చేసిన కత్తులకు అక్కర్లేదు. కాగితం మీద న్యాయంగానే ఉంది. కానీ నేను డిగ్రీ చదివేటప్పుడు నాయిన రంపెను సాన పట్టించి తెస్తుంటే ఒక బస్టాండులో పోలీసులు ఆపారు. పేరు అడిగారు, ఊరు అడిగారు, తర్వాత వాడ అడిగారు. వాడ చెప్పినాక రెండు గంటలు కూర్చోబెట్టారు. నిబంధనలో అంగుళాలున్నాయి. వాళ్లు కొలిచింది నన్ను.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఇది కమ్మరి అన్నదమ్ముల మీద కోపంతో రాసింది కాదు. ఫ్యాక్టరీ ఇనుము దిగుమతై, పారశీక గిరాకీ పోయి కోనసముద్రం మూసలు చల్లారినప్పుడు వాళ్లూ పొట్ట చేతపట్టుకొని పోయారు. మా లందలు పూడినట్టే వాళ్ల కొలుములు ఆరాయి. అంబేడ్కర్ 1936లో కుల నిర్మూలనలో చూపించింది ఇదే. పని పంచుకోవడం వేరు, పనివాళ్లను మెట్లుగా విడగొట్టడం వేరు. కొలిమికి తిత్తి కావాలి, తిత్తికి సూది కావాలి, సూదికి కొలిమి కావాలి. పనిలో అంత దగ్గరగా ఉన్న ఇద్దరి మధ్య నీళ్లు చల్లే ఆచారం పెట్టింది ఎవరి లాభానికి? ఒకరి పని ఒకరు ముట్టుకొని నేర్చుకుని ఉంటే ఆ కొలిమిలోంచి ఇంకేం పుట్టేదో. అన్నా అని పిలిచి ఈ ప్రశ్న కమ్మరి ఇంట్లోనూ అడగాలి, జవాబు ఇద్దరం కలిసి వెతకాలి.

దొర కత్తి ఎటు పోయిందో. గడి కూలింది. మా ఇంట్లో మాత్రం తాత చెక్కిన తుమ్మ కత్తి ఉంది. నాయిన దానితో ఆడుకున్నాడు, నేనూ ఆడుకున్నాను. చిన్నప్పుడు అది బొమ్మ అనుకున్నాను. పెద్దయ్యాక తెలిసింది, అది సాక్ష్యమని. పట్టుకోనివ్వని కత్తిని గీత చూసి వెంట్రుక తేడా లేకుండా చెక్కినవాడి చెయ్యి అది. మ్యూజియంలో డమాస్కస్ కత్తి పక్కన దీన్ని పెట్టే రోజు రావాలి.

అప్పటిదాకా మీకో పని. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. మన ఇంట్లో మిగిలిన పనిముట్టు ఏది? అది ఎవరు చేశారు, ఎవరి చేతికి ఎట్లా అందింది, చేతికా, నేలమీదికా? దానితో చేసిన పనికి కూలి దొరికిందా? చెప్పేవాళ్ల మాట చెప్పినట్టే రాసుకోండి, మీ మాటల్లోకి మార్చకండి. ఫొటో తీయండి. పెద్దవాళ్లు పోయినాక ఈ చరిత్ర ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

వచ్చే భాగంలో లంద గురించి. సున్నం, తంగేడు, కరక్కాయ, నలభై రోజుల కష్టం.

జై భీమ్.